గాలిలోకి లేచిన కమాను ఎందుకు నమ్మబుద్ధి కావడం లేదు?

పేరు వేయొద్దని కోరిన ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. సారాంశం ఇలా ఉంది. 36 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు ఉన్న కాన్వాస్ మీద ఆవిడ నాలుగు నెలలుగా ఒక ఆయిల్ పెయింటింగ్ వేస్తున్నారు. ఎండిపోయిన సముద్రపు అడుగున పాత రాతి కమానుల వరస. మొత్తం ఏడు కమానులు. ఎడమవైపు దగ్గరగా మొదలై కుడివైపు దూరమవుతూ పోతాయి. వాటిలో నాలుగోది తన స్తంభాలతో సహా వరస నుంచి తెగి, నేల వదిలి పైకి లేచింది. దాని మీదనుంచి రాతిమెట్లు ఆకాశంలోకి పోతున్నాయి. సాయంకాలపు ఎండ ఎడమవైపు నుంచి పడుతోంది.

ఆవిడ బాధ ఏమిటంటే, చూసినవాళ్లంతా లేచిన కమాను దగ్గర ఆగి "ఇక్కడ కింద గీయడం మర్చిపోయారా?" అని అడుగుతున్నారు. రాళ్లు అట్టపెట్టెలు పేర్చినట్టున్నాయట. ముదురు నీడలు వేసిన చోట మెరుపు చచ్చి సుద్దలా పాలిపోయాయి. ఆకాశంలో సన్నటి బీటలు కనిపిస్తున్నాయి. రెండేళ్లుగా నేర్పుతున్న మాస్టారు "ఈ వింతలు పక్కన పెట్టి, ముందు ఉన్న కట్టడాన్ని ఉన్నట్టు వెయ్యి" అన్నారు. స్నేహితురాలేమో "సర్రియల్, కలలాంటి వింత బొమ్మ అన్నాక రూల్స్ ఏమిటి, అలాగే వదిలెయ్" అంది. పది వారాల్లో ఒక గ్రూప్ ఎగ్జిబిషన్ ఉంది. మూడు వారాలుగా ఈజిల్ దగ్గరికి వెళ్లబుద్ధి కావడం లేదు. "బాగుచేయనా, మొదటినుంచీ వేయనా, లేక ఇలాంటి బొమ్మలు నావల్ల కావని ఒప్పుకోనా?" అన్నది ప్రశ్న. ఉత్తరంతో పాటు వాడిన రంగుల వివరాలు, ఫోటోలు కూడా పంపారు.

మీ మాస్టారి మాటలోనూ మీ స్నేహితురాలి మాటలోనూ సగం సగం నిజం ఉంది. కట్టడం సరిగ్గా రాలేదన్న మాస్టారి మాట నిజం. ఊహను వదులుకోనక్కర్లేదన్న స్నేహితురాలి మాట నిజం. కానీ వింత బొమ్మకు నియమాలుండవన్నది మాత్రం పూర్తిగా తప్పు. ఇలాంటి చిత్రంలో ఒక్క నియమం తప్పుతుంది. ఆ ఒక్కటీ తప్పిందని చూసేవాళ్లకు తెలియాలంటే తక్కినవన్నీ మామూలు ప్రకృతి దృశ్యంలో కంటే కచ్చితంగా ఉండాలి. బెల్జియం సర్రియలిస్టు చిత్రకారుడు మాగ్రిట్ 1959లో సముద్రం పైన గాలిలో ఆగిన ఒక పెద్ద బండను, దాని నెత్తిన చిన్న రాతికోటను వేశాడు. అందులో అలలు మామూలు అలలే, మబ్బులు మామూలు మబ్బులే. బండ గరుకుదనం, గుంటలు, వెలుగునీడలు అన్నీ నిజం బండవే. బరువు అంత కనిపిస్తుంది కాబట్టే అది పడకపోవడం వింతగా తోస్తుంది. మీ చిత్రంలో నాలుగో కమానుతో పాటు ఇంకో నాలుగైదు నియమాలు మీకు తెలియకుండానే తప్పాయి. అందుకే అసలు వింత కూడా వాటిలో ఒక పొరపాటులా కలిసిపోయింది. ఊహ బలహీనంగా ఉండటం వల్ల వచ్చిన ఇబ్బంది కాదిది. మీ ఊహ చాలా బాగుంది.

మొదట హొరైజన్ చూడండి, అంటే నేలా ఆకాశమూ కలిసినట్టు కనిపించే, మన కంటిమట్టంలో ఉండే గీత. నేల చదునుగా ఉండి స్తంభాలన్నీ ఒకే ఎత్తువైతే, హొరైజన్ గీత ప్రతి స్తంభాన్నీ ఒకే వంతులో కోయాలి. మీ ఫోటోలో మొదటి స్తంభాన్ని సరిగ్గా సగంలో కోస్తోంది, దూరంగా ఉన్న ఆరోదాన్ని కింది నుంచి మూడో వంతులో కోస్తోంది. అంటే ఆరోది ఉండాల్సిన దానికంటే పొడుగైంది. కమానుల మధ్య దూరాలు కూడా చూపుమేర అంచనా వేసి పెట్టినట్టున్నారు. దీనికి తేలిక పద్ధతి ఉంది. మొదటి రెండు స్తంభాల నిలువు గీతలు సరిగ్గా పెట్టండి. వాటి సగం ఎత్తు నుంచి, దూరమయ్యే గీతలన్నీ హొరైజన్ మీద కలిసే బిందువుకు, అంటే వానిషింగ్ పాయింట్‌కు ఒక గీత లాగండి. మొదటి నిలువు గీత పైకొసను, రెండో నిలువు గీతను ఆ సగం గీత తాకే బిందువుతో కలిపి, అలాగే కిందికి పొడిగించండి. అది నేలగీతను (స్తంభాల పాదాలను కలుపుతూ పోయే గీతను) ఎక్కడ తాకితే అక్కడ మూడో స్తంభం. అదే పద్ధతిలో ఏడు కమానులకూ వెళ్లిపోవచ్చు. సుద్ద పెన్సిల్‌తో ఎండిన రంగు మీదే గీసుకుని, తర్వాత పొడిగుడ్డతో తుడిచేయొచ్చు.

కమాను వంపులు కంపాస్ పెట్టి గీసినట్టు గుండ్రంగా ఉన్నాయి. మనకు ఏటవాలుగా పోయే గోడలో అర్ధవృత్తం అలా కనిపించదు. రెండు స్తంభాల మధ్య ఖాళీని ఒక దీర్ఘచతురస్రంగా అనుకుని, మూల నుంచి మూలకు రెండు గీతలు లాగండి. అవి కలిసే చోటే కమాను నడుమ. అది కంటికి కనిపించే సగం కంటే కాస్త దూరపు స్తంభం వైపు జరిగి ఉంటుంది. వంపు శిఖరం ఆ బిందువుకు నేరుగా పైన రావాలి. కమాను రాళ్ల మధ్య సందులన్నీ వంపు మొదలయ్యే ఎత్తులో ఉన్న కేంద్రం వైపు తిరిగి ఉండాలి. ఈ రెండూ సరిచేస్తే చాలు, గోడ నిలబడుతుంది.

ఇప్పుడు "మర్చిపోయారా?" అన్న ప్రశ్నకు వద్దాం. లేచిన స్తంభాల కిందికొస ఇంకా హొరైజన్‌కు కిందే ఉంది. కంటిమట్టానికి కింద ఉన్న వస్తువు అడుగుభాగం మనకు కనిపించదు, పైభాగం మాత్రమే కనిపిస్తుంది. కాబట్టి మీరు ఎంత శ్రద్ధగా వేసినా, ఆ స్తంభం "లేచింది" అని చెప్పే ఆధారం అక్కడ లేదు. చూసేవాళ్లకు అది సగంలో ఆగిన స్తంభమే. మీ ముందు రెండు దారులున్నాయి. కిందికొస హొరైజన్ దాటేదాకా కమానును పైకెత్తితే విరిగిన అడుగు కనిపిస్తుంది. దాని మీద నేల నుంచి కొట్టే వెచ్చని ఎదురువెలుగు వేయొచ్చు, వేలాడే వేర్లూ రాలే మట్టీ పెట్టొచ్చు. కానీ అప్పుడు కమాను నెత్తి, మెట్లు ఆకాశంలోకి ఇంకా పైకి పోతాయి, కాన్వాస్‌లో చోటు సరిపోకపోవచ్చు. రెండో దారి, ఎత్తును అలాగే ఉంచి నీడతో చెప్పడం. ఇది మీ కూర్పును పెద్దగా కదపదు, ఒత్తిడి లేకుండా వింతను చెబుతుంది. నాకు ఇదే ఎక్కువ నచ్చింది.

నీడ లెక్క మీ చిత్రంలో సులువు. సూర్యుడు సరిగ్గా ఎడమవైపు ఉంటే నేల మీద నీడలన్నీ హొరైజన్‌కు సమాంతరంగా కుడివైపుకు పడాలి. మీరు మొదటి మూడు కమానుల నీడలు కుడికి వేసి, చివరివాటివి మన వైపు తిప్పారు. వాటిని తిప్పి సరిచేయండి. సాయంకాలపు ఎండ కాబట్టి నీడ ఎత్తుకు రెండింతలు పెట్టుకోండి. సూర్యుడు నేలకు దాదాపు 27 డిగ్రీల ఎత్తులో ఉన్నట్టు లెక్క. వెలుగు పక్కనుంచి వస్తున్నప్పుడు ఈ కొలతను కాన్వాస్ మీదే నేరుగా స్కేలుతో తీసుకోవచ్చు. స్తంభం 6 సెంటీమీటర్లు ఉంటే దాని నీడ 12. ఇక లేచిన కమాను. స్తంభం కొసకు, దాని కింద నేల మీద అది ఉండాల్సిన చోటుకు మధ్య మీరు 2 సెంటీమీటర్ల ఖాళీ ఇచ్చారు. అయితే దాని నీడ ఆ చోటు నుంచి 4 సెంటీమీటర్లు కుడికి జరిగి మొదలవ్వాలి. మధ్యలో ఎండపడిన నేల పట్టీ ఒకటి మిగులుతుంది. పక్క కమానుల నీడలన్నీ వాటి పాదాలకు అంటుకుని ఉంటాయి, ఇదొక్కటే తెగి పక్కకు జరిగి ఉంటుంది. మీ చిత్రంలో ప్రస్తుతం ఈ కమానుకు నేల మీద నీడే లేదు. పక్కకు జరిగిన ఆ ఒక్క నీడ పెట్టాక ఎవరూ మిమ్మల్ని "మర్చిపోయారా" అని అడగరు.

దానికి తోడు ఇంకో చిన్న ఉపాయం. ఎండిపోయిన సముద్రం అన్నారు కదా, అయితే స్తంభాల మీద నీటిచార ఉండాలి. ఉప్పు పేరుకున్న తెల్లటి అంచు, దాని కింద పాకుడు ఎండిన ముదురు రంగు. స్తంభాలన్నిటి మీదా అది ఒకే ఎత్తులో ఉండాలి, వానిషింగ్ పాయింట్ వైపు పోవాలి. లేచిన కమాను మీద మాత్రం ఆ చార సరిగ్గా ఖాళీ ఎంత ఉందో అంత పైన ఉండాలి. నీళ్లున్నప్పుడు ఇది కూడా వరసలోనే ఉండేదని, తర్వాతే లేచిందని ఆ ఒక్క గీత చెబుతుంది. కట్టడానికీ నేలకూ మధ్య మీకు దొరకని బంధం కూడా ఇదే కలుపుతుంది.

నియమాలు తప్పించడంలోనూ ఒక క్రమం ఉంటుందని మీ స్నేహితురాలికి చెప్పడానికి ఒక ఉదాహరణ. 1910ల్లో ఇటలీ చిత్రకారుడు డి కిరికో వేసిన కమానుల వీధుల్లో కట్టడాలకు వానిషింగ్ పాయింట్లు ఒకటి కావు. కానీ అక్కడ గోడలు చదును, రంగులు తక్కువ, నీడల అంచులు కత్తిరించినట్టుంటాయి. చూసేవాళ్లకు ముందు ఏదో అసౌకర్యం తెలుస్తుంది, కారణం తర్వాత తెలుస్తుంది. మీరు కావాలనుకుంటే ఆ దారి పట్టొచ్చు. అప్పుడు రాయి వివరాలు చాలావరకు వదులుకోవాలి. గరుకు రాయి, పెచ్చులూడిన అంచులు, నాచు ఇన్ని వివరాల మధ్య దూరాన్ని చూపే లెక్క, అంటే పర్‌స్పెక్టివ్ తప్పితే అది చేతకానితనంలాగే కనిపిస్తుంది.

ఇక అట్టపెట్టెల సంగతి. అసలు కారణం రాళ్లలో లేదు, వెలుగులో ఉంది. మీ గోడ ఎడమనుంచి కుడికి దూరమవుతోంది. మనకు కనిపించే ముఖం కుడివైపు తిరిగి ఉంది. ఎండ ఎడమనుంచి వస్తే ఆ ముఖం మొత్తం నీడలో ఉండాలి. మీరు దాన్ని ఎండలో వేశారు. ఎండ పడాల్సింది రెండు చోట్ల. ఒకటి, వరస మొదట్లో మనవైపు తిరిగిన గోడకొస. రెండు, ప్రతి కమాను లోపలా మనకు దూరంగా ఉన్న స్తంభపు లోపక్క. గోడ మందం కనిపించేది సరిగ్గా అక్కడే. నీడలో ఉన్న పొడుగాటి ముఖం, ఒక్కో కమాను లోపల వెచ్చగా వెలిగే సన్నటి నిలువు పట్టీ, వంపు లోవైపున నేల నుంచి కొట్టిన మసక నారింజ వెలుగు, ఈ మూడూ పడ్డాక ఒక్క రాయి విడిగా గీయకపోయినా గోడకు బరువు వస్తుంది.

రంగులకు మీ దగ్గరున్నవే చాలు. అల్ట్రామెరీన్ బ్లూ, బర్న్‌ట్ సియెన్నా సమానంగా కలిపితే దాదాపు నలుపు వస్తుంది. నీలం కాస్త ఎక్కువైతే చల్లటి బూడిదరంగు, సియెన్నా ఎక్కువైతే వెచ్చటిది. నీడముఖానికి ఈ మిశ్రమం రెండు వంతులకు ఒకటిన్నర వంతు టైటానియం వైట్, చల్లటి వైపు. ఎండపడే పట్టీకి వైట్ ఆరు వంతులు, యెల్లో ఓకర్ ఒకటిన్నర వంతు, మిశ్రమం చిటికెడు. కంపెనీని బట్టి రంగుల బలం మారుతుంది కాబట్టి ఈ వంతులు మొదలుపెట్టడానికే. టైటానియం వైట్ ఏ రంగునైనా చల్లబరిచి సుద్దలా చేస్తుంది, అందుకే ఓకర్ తోడుండాలి. పాలెట్ మీద నీడకు రెండు కుప్పలు, వెలుగుకు రెండు కుప్పలు ముందే కలిపి పెట్టుకోండి. ఫోన్‌లో నలుపు తెలుపు ఫోటో తీసి చూస్తే, నీడ కుప్పల్లో ఎంత తేటదైనా వెలుగు కుప్పల్లో ఎంత ముదురుదానికైనా ముదురుగానే ఉండాలి. రెండూ కలిసిపోతే గోడ మళ్లీ అట్టే.

ఒక్క రాయిని దగ్గరగా చూద్దాం. మీరు ప్రతి రాయి చుట్టూ ఒకే మందంలో ముదురు గీత గీశారు. నిజంగా పాత గోడలో సందు ఒక గీత కాదు. పైరాయి కింది అంచు సందులోకి నీడ వేస్తుంది. కింది రాయి పై అంచు వెలుగు అందుకుంటుంది. ఒక సందుకు రెండు అంచులు, ఒకటి ముదురు, ఒకటి తేట. నీడలో ఉన్న గోడమీద ఈ తేడా చాలా తక్కువ. పది సందుల్లో మూడింటిని చూపించి తక్కినవి గోడలో కరిగిపోనివ్వండి. పెచ్చు లేచిన మూల దగ్గర లోపలి రాయి వానా ఎండా తిన్న పైముఖం కంటే తేటగా ఉంటుంది. అక్కడ పాలెట్ నైఫ్ కొసతో ఒక్క ముక్కోణపు మచ్చ చాలు. పైవరస నిలువు సందు కిందివరస నిలువు సందు మీదికి రాకూడదు. అలా వస్తే గోడ కూలిపోయేట్టు ఉంటుంది, కన్ను దాన్ని వెంటనే పట్టేస్తుంది. వాన కారిన మరకలు ముందుకొచ్చిన అంచుల కింద నిలువుగా దిగుతాయి. నాచు పైకి చూసే అంచుల మీద, చెమ్మ ఎక్కే పాదాల దగ్గర పడుతుంది, గోడ నడుమ ఎక్కడపడితే అక్కడ పట్టదు.

రాయి గరుకు కోసం సర్రియలిస్టు చిత్రకారుడు మాక్స్ ఎర్న్‌స్ట్ వాడిన డెకల్‌కోమానియా ప్రయత్నించొచ్చు. పల్చగా పూసిన తడిరంగు మీద గాజు ముక్కో నున్నటి కాగితమో ఒత్తి నేరుగా పైకి లాగితే, తినేసిన రాయిలాంటి కొమ్మలు కొమ్మలుగా ఉన్న గుర్తులు వస్తాయి. ఇది ముందు పొరల్లో చేయాలి. పైన చేస్తే మీరు సరిచేసిన వెలుగునీడలు చెదిరిపోతాయి.

పాలిపోయిన నీడలు భయపడాల్సినవి కావు. బర్న్‌ట్ అంబర్‌ను టర్పెంటైన్‌తో బాగా పల్చన చేసి వేశారు కదా, అడుగు పొర ఆ రంగులోని నూనెను పీల్చేసుకుంది. రంగు అక్కడే ఉంది, తడి మెరుపు పోయింది. ఆ చోటు తాకితే అంటకుండా ఎండిందని చూసుకుని, లిన్‌సీడ్ ఆయిల్, వాసనలేని సాల్వెంట్ (రంగును పల్చన చేసే ద్రవం) సమానంగా కలిపి, నూగు రాలని గుడ్డతో చాలా పల్చగా రుద్దండి. కొన్ని నిమిషాలాగి మిగిలిందంతా తుడిచేయండి. నీడల అసలు లోతు తిరిగి కనిపిస్తుంది. అదేరోజు దానిమీద పని చేసుకోండి. పైన ఏమీ వేసే ఉద్దేశం లేనిచోట ఇలా నూనె పూసి వదిలేయకండి, కాలక్రమంలో పసుపెక్కుతుంది. అక్కడికి రీటచ్ వార్నిష్ (తాత్కాలికంగా వేసే పల్చటి వార్నిష్) మేలు.

ఆకాశం మాత్రం గట్టి సమస్య. మీ నిర్ణయం అంతా దాని మీదే ఆధారపడుతుంది. అడుగున ఐవరీ బ్లాక్, అల్ట్రామెరీన్ ఎక్కువ నూనెతో వేశారు. ఐవరీ బ్లాక్ అసలే నెమ్మదిగా ఎండే రంగు. వారానికే దానిమీద టర్పెంటైన్‌తో పల్చన చేసిన వైట్ వేశారు. పైపొర త్వరగా బిగుసుకుంది, కింద ఇంకా మెత్తగా కదులుతూ ఉంది. పైది చీలింది. ఆయిల్స్‌లో పైకి పోయేకొద్దీ నూనె పెరగాలి గానీ తగ్గకూడదని చెప్పేది ఇందుకే. మొదటి పొర కొద్దిగా సాల్వెంట్‌తో, రెండోది ట్యూబులోంచి తీసింది తీసినట్టు, పైవి రంగులో ఐదో వంతుకు మించని నూనె మీడియంతో (రంగులో కలిపే నూనె మిశ్రమంతో). మీ వైట్ ట్యూబు వెనక కూడా చూడండి. టైటానియం అని రాసి ఉన్నా అందులో పి.డబ్ల్యూ.4, అంటే జింక్ వైట్, కలిసి ఉండొచ్చు. జింక్ పొర ఏళ్లు గడిచేకొద్దీ పెళుసవుతుంది. పి.డబ్ల్యూ.6, అంటే టైటానియం వైట్, ఒక్కటే ఉన్నది వాడితే మంచిది.

చీకటి గదిలో టార్చిలైటు కాన్వాస్‌కు పక్కనుంచి వేసి బీటలు చూడండి. మెత్తటి పొడి బ్రష్‌తో తాకినప్పుడు అంచులు లేస్తున్నాయా? బీటలో కనిపించే అడుగు పొరను గోటితో నొక్కితే గుంట పడుతోందా? రెండింట్లో ఏది అవునన్నా దానిమీద మళ్లీ రంగు వేయకండి. కొత్త పొర కూడా అదే గీతల వెంట చీలుతుంది.

ఈ పరీక్ష అయ్యాక మీ ముందు మూడు దారులుంటాయి.

ఇదే కాన్వాస్‌ను బాగుచేయడం మొదటిది. ఆకాశం ఉన్న భాగాన్ని మాత్రం పాలెట్ నైఫ్‌తో గీకేయాలి. నాలుగు నెలల రంగు ఇంకా కత్తికి లొంగుతుంది. కాన్వాస్ వెనక చెక్కపలక ఆనించండి, లేకపోతే గుడ్డ సాగుతుంది. మిగిలిన గరుకును 320 నంబరు వాటర్‌పేపర్‌తో తడిపి మెల్లగా రుద్దండి. పొడిగా రుద్దితే రంగుల ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిగా చేసినా గ్లౌజులు, మాస్కు ఉండాలి. రెండు వారాలు ఆరనిచ్చి కొత్త ఆకాశం వేయండి. దీనికి త్వరగా ఎండే ఆల్కిడ్ మీడియం వాడితే పల్చటి పొర ఒకటి రెండు రోజుల్లో తాకడానికి ఎండుతుంది. ఆ లోపల కమానుల పని సాగించొచ్చు. ఎనిమిదో వారానికి ముగించగలరు, కానీ వెసులుబాటు ఉండదు. గీకేటప్పుడు కమానుల పై అంచులు, మెట్లు చాలావరకు పోతాయి, మళ్లీ వేయాల్సి వస్తుంది. లాభమేమిటంటే, ఆకాశం ఎలాగూ పోతోంది కాబట్టి హొరైజన్‌ను కిందికి దించి విరిగిన అడుగును చూపించే అవకాశం కూడా వస్తుంది. అప్పుడు నేల, స్తంభాల పాదాలు కూడా మార్చాలి, గుర్తుంచుకోండి.

రెండో దారి, దీన్ని గోడకానించి, చిన్నదిగా కొత్తది వేయడం. 20 బై 16 అంగుళాల చెక్క ప్యానెల్ రాతిపని వివరాలకు కాన్వాస్ కంటే అనువుగా ఉంటుంది, కదలదు. ఆక్రిలిక్ జెస్సో (రంగుకు ముందు వేసే తెల్లటి అడుగుపూత) మూడు కోట్లు వేసి, కోటుకూ కోటుకూ మధ్య 220 నంబరు పేపరుతో రుద్ది, మూడు రోజులు ఆరనివ్వండి. ఏడు కమానులకు బదులు ఐదు చాలు. వెలుగు, నీడ, చార అన్నీ ముందే కాగితం మీద తేలిపోయాయి కాబట్టి చేతిపని వేగంగా సాగుతుంది. పది వారాలు దీనికి హాయిగా సరిపోతాయి. పెద్ద చిత్రంలో ఉన్న విశాలత్వం రాదు, నాలుగు నెలల శ్రమ ఎగ్జిబిషన్‌లో కనిపించదు. అది మీకు బాధ కలిగిస్తుందని ఉత్తరం చదివితే తెలుస్తోంది. కానీ ఆ శ్రమ పోదు. పెద్దదాన్ని తొందరలేకుండా తర్వాత బాగుచేసుకోవచ్చు.

మూడోది చాలామందికి తట్టదు. ఫోటోను బట్టి బీటలు పైన మూడో వంతులోనే ఉన్నాయి. అలాగైతే కాన్వాస్‌ను ఫ్రేము నుంచి విప్పి, ఆకాశాన్ని తగ్గించి, 36 బై 16 అంగుళాల వెడల్పాటి చిత్రంగా మళ్లీ బిగించొచ్చు. మడతపెట్టే అంచుకు 5 సెంటీమీటర్లు వదలాలి. మడత దగ్గర రంగు చిట్లుతుంది, అది పక్కకు పోతుంది కాబట్టి పర్వాలేదు. మెట్లు పోతాయి. వరస ఇంకా పొడుగ్గా, నేల ఇంకా ఖాళీగా కనిపిస్తుంది, పక్కకు జరిగిన నీడ ఒక్కటే చిత్రం మొత్తాన్ని మోస్తుంది. మెట్లు మీకు ప్రాణమైతే ఈ దారి వద్దు. అవి లేకపోయినా ఒప్పుకోగలిగితే, తక్కువ పనితో ఎక్కువ బలం వచ్చేది ఇదే. విప్పేముందు ఆకాశం మీద అట్ట అడ్డుపెట్టి ఒకరోజంతా చూసి నిర్ణయించుకోండి.

బీటల అంచులు లేస్తున్నాయంటే మొదటి దారిలో మాత్రం పది వారాల గడువు పెట్టుకోకండి.

మీ మాస్టారితో గొడవపడనక్కర్లేదు, ఆయన మాట పూర్తిగా పట్టుకోనూ అక్కర్లేదు. "ఇది వేయొచ్చా?" అని అడిగితే మళ్లీ అదే జవాబు వస్తుంది. నీడముఖం, వెలుగుపట్టీ, వంపు లోవైపు ఉన్న ఒక్క కమానును చిన్న బోర్డు మీద వేసి, "గోడ మందం నిలబడిందా?" అని అడగండి. ఆయనకు బాగా తెలిసిన విషయం అదే, అక్కడ ఆయన కన్ను మీకు చాలా ఉపయోగం. ఆయన అప్పటికీ వింత వద్దనే అంటే, అది ఆయన అభిరుచి. రాతిపని ఆయన దగ్గర నేర్చుకుంటూనే మీ చిత్రం మీరు వేసుకోవచ్చు. ఈజిల్ దగ్గరికి మళ్లీ వెళ్లడానికి కూడా ఈ చిన్న బోర్డే మంచి మొదలు. రెండు మూడు సాయంత్రాల పని, చెడినా పోయేది ఏమీ లేదు.

ఎగ్జిబిషన్‌కు ముందు ఫైనల్ వార్నిష్ వేయకండి. ఈ మందం పొరలకు ఆరు నెలల నుంచి ఏడాది ఆగాలి. రంగు తాకడానికి ఎండితే రీటచ్ వార్నిష్ పల్చగా ఒక కోటు సరిపోతుంది. గీకడానికి, తుడవడానికి వాడిన నూనెగుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. లిన్‌సీడ్ ఆయిల్ ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతట అవే అంటుకోగలవు. విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లు పోసిన మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయండి. సాల్వెంట్ వాడే రోజుల్లో రెండు కిటికీలు తెరిచి పెట్టుకోండి.